ఈస్ట్ కణం దగ్గర టేపు లేదు.. మరి టెలోమియర్ పొడవు ఎలా కొలుస్తోంది?

బేకరీలో బన్నుల పిండి పొంగడానికి కలిపే ఈస్ట్ అందరికీ తెలిసిందే. ల్యాబుల్లో వాడే రకంలో ఒక్కో కణానికి 16 క్రోమోజోమ్‌లు ఉంటాయి. అంటే 32 చివర్లు. ఆ చివర్లకు తొడుగులా ఉండే డీఎన్ఏ ముక్కలే టెలోమియర్లు. ఒక్కోటి సుమారు 300 అక్షరాల పొడవు. షూ లేసు కొసన ఉండే ప్లాస్టిక్ తొడుగు లాంటివన్నమాట.

కణం రెండుగా చీలిన ప్రతిసారీ ఈ తొడుగు 3 నుంచి 5 అక్షరాల మేర అరుగుతుంది. ఆ లోటు పూడ్చే ఎంజైమ్ పేరు టెలోమరేజ్. అది లేకపోతే ఏమవుతుందో 1989లో విక్టోరియా లుండ్‌బ్లాడ్, జాక్ షోస్టాక్ చూపించారు. 'ఎస్ట్1' అనే జన్యువు చెడిపోయిన కణాలు మొదట్లో మామూలుగానే పెరిగాయి. కొన్ని డజన్ల తరాలు గడిచాక మాత్రం టెలోమియర్లు కురచై, కణాలు వరుసగా చచ్చిపోవడం మొదలైంది. (ఎస్ట్ అంటే ఈస్ట్ కాదు.. 'నానాటికీ కురచవుతున్న టెలోమియర్లు' అన్న ఇంగ్లిష్ మాటలకు పొట్టి పేరు.)

మరి టెలోమరేజ్ ఆగకుండా పనిచేస్తే? తొడుగు అదుపు లేకుండా సాగిపోవాలి కదా! అలా జరగదు. ఎందుకంటే కణం పొడవును కాదు, ప్రొటీన్లను లెక్కపెడుతుంది. టెలోమియర్ పొడవునా రాప్1 అనే ప్రొటీన్ వరుసగా అంటుకుని ఉంటుంది. దాన్ని పట్టుకుని రిఫ్1, రిఫ్2 చేరతాయి. ఇవి ఎక్కువగా ఉంటే 'ఇక చాలు' అన్నట్టు టెలోమరేజ్‌కు అడ్డం పడతాయి. 1997లో మార్కాండ్, గిల్సన్, షోర్ ఓ తమాషా ప్రయోగం చేశారు. టెలోమియర్ పక్కనే అదనంగా రాప్1 ముక్కల్ని అతికించారు. కణం వాటినీ లెక్కలో కలిపేసుకుని, అసలు టెలోమియర్‌ను ఆ మేరకు కురచగా ఉంచింది. మోసపోయిందంటే లెక్కపెడుతోందనేగా!

2004లో ఇంకో సంగతి బయటపడింది. టెలోమరేజ్ అన్ని చివర్ల దగ్గరికీ ప్రతిసారీ వెళ్లదు. 300 అక్షరాల పొడవున్న టెలోమియర్లలో ఒక విభజన చక్రంలో సాగేవి నూటికి 6 నుంచి 8 మాత్రమే. పొడవు 100కి పడిపోతే నూటికి 40 పైనే సాగుతాయి. ఇలా ఎంచుకోక తప్పదు కూడా.. ఒక్కో కణంలో టెలోమరేజ్ ఆర్ఎన్ఏ అణువులు దాదాపు 30 మాత్రమే. డీఎన్ఏ కాపీ అయ్యాక చివర్లేమో 64! కురచ చివరను గుర్తుపట్టడంలో టెల్1 అనే ప్రొటీన్ సాయపడుతుంది. అక్కడ సీడీసీ13, ఎస్ట్1ను పట్టుకుని ఎంజైమ్‌ను పనిలోకి దించుతుంది.

టెల్1కు మనుషుల్లో ఉన్న చుట్టం ఏటీఎం. అది చెడిపోతే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మన మామూలు కణాల్లో చాలావాటిలో టెలోమరేజ్ దాదాపు ఆగిపోయే ఉంటుంది. క్యాన్సర్లలో 85 నుంచి 90 శాతం దాన్ని తిరిగి ఆన్ చేసుకుంటాయి. అందుకే మందుల కంపెనీల గురి దీనిపై పడింది. టెలోమరేజ్‌ను అడ్డుకునే ఇమెటెల్‌స్టాట్‌కు ఒక రకం రక్త వ్యాధి కోసం 2024 జూన్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది.

అయితే ఈస్ట్ అప్పుడెప్పుడో ఓ చిక్కు చూపించింది. ఎస్ట్1 లేని కణాల్లో కొన్ని చావలేదు! అవి ఒక టెలోమియర్‌ను చూసి ఇంకోటి కాపీ చేసుకుంటూ బతికేశాయని 1993లో తేలింది. మనుషుల క్యాన్సర్లలోనూ 10 నుంచి 15 శాతం ఇలాంటి దొడ్డిదారే పడుతున్నాయి.