పుర్రెలలో నేరమును వెదకిన కథ

పగిడ్యాల, ఆత్మకూరు ప్రాంతముల పెద్దలకు సిద్ధాపురము పేరు తెలియును. ఒకప్పుడు అచ్చట ‘సెటిల్మెంటు’ ఉండెడిది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురము, నెల్లూరు జిల్లాలోని కావలియు అట్టివే. బ్రిటిషువారు 1871లో చేసిన నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరించినది. ఎరుకలవారి వంటి కులములను మొత్తముగా నేరస్థులని ప్రకటించి, వ్రేలిముద్రలు తీసికొని, హాజరు వేయుచు, చీటీ లేనిదే ఊరు దాటనీయకుండిరి. ఎరుకలు కోస్తా ఉప్పును పశువులపై లోనాడులకు తెచ్చి ధాన్యమునకు మార్చుకొనెడివారు. రైళ్లు వచ్చి ఆ జీవనము పోయినది. దానిని మాత్రము ఎవరును లెక్కలోనికి తీసికొనలేదు!

ఇటలీలో 1870 ప్రాంతమున లాంబ్రోసో అను వైద్యుడు విల్లెల్లా అనువాని పుర్రెను పరీక్షించి, వెనుక భాగమున లోపలివైపు ఒక చిన్న గుంటను చూచెను. నేరగాడు పుట్టుకతోనే నేరగాడని 1876లో గ్రంథము వ్రాసెను. మన చట్టము ఆ గ్రంథమునుండి పుట్టినది కాదు, దానికన్న ముందుదే. కాని రెంటిలోను ఉన్న ఊహ ఒకటే.

లాంబ్రోసో బయటివారిని చాలినంతగా కొలిచి పోల్చలేదు. ఇంగ్లండులో చెరసాల వైద్యుడు చార్లెస్ గోరింగ్ సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, విద్యార్థుల, సైనికుల కొలతలతో పోల్చెను. నేరగానికి ప్రత్యేకమైన దేహలక్షణము లేదని 1913లో ప్రకటించెను. ఆ సంవత్సరములందే మన వైపు సెటిల్మెంట్లు వెలయుచుండెను. చట్టము మద్రాసులో 1947లో, దేశమంతట 1952లో గాని రద్దు కాలేదు.

అట్లని మెదడునకును నడవడికిని సంబంధము లేదనరాదు. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున, అంతకుముందు ఏ మచ్చయు లేని నలుబది యేండ్ల ఉపాధ్యాయుడొకడు 2000లో పిల్లలయెడ అనుచితముగా ప్రవర్తించి శిక్షకు గురియగుచుండెను. తీర్పుకు ముందు తలనొప్పితో ఆసుపత్రికి పోగా, నుదుటి వెనుక, కనుగ్రుడ్ల పైభాగమున మెదడులో పెద్ద కణితి కనబడినది. దానిని తీసివేయగానే ఆ బుద్ధి పోయినది. కొన్ని నెలలకు మరల తలయెత్తగా పరీక్షించిరి; కణితి తిరిగి పెరిగియుండెను! తప్పొప్పులు అతనికి తెలియును. తన్ను తాను ఆపుకొను శక్తియే చెడినది. బర్న్స్, స్వెర్డ్లో అను వైద్యులు దీనిని 2003లో ప్రకటించిరి. కణితి అతని తలలోనిది, అతని వంశములోనిది కాదు.

పలు దేశముల చెరసాలలలో, తలకు బలమైన దెబ్బ తగిలినవారు బయటి జనులలోకన్న ఎక్కువగా కనబడిరి. అయినను దెబ్బ తగిలినవారిలో అధికులు ఏ నేరమును చేయరు. పైగా దెబ్బవలన నేరము కలిగినదో, బీదరికము, చిన్ననాటి హింస, కొట్లాటలు గల బ్రతుకు రెంటిని తెచ్చినదో వేరుచేయుట కష్టము.