కరువు సీమలో గాజు తొట్టి

అక్వేరియం అనే మాటకు పాత లాటిన్‌లో అర్థం పశువులు నీళ్లు తాగే చోటు. రోమన్ల కాలంలో కేటో తన వ్యవసాయ గ్రంథంలో ఆ మాటను ఆ అర్థంలోనే వాడాడు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఇంగ్లిష్ ప్రకృతి శాస్త్రవేత్త ఆ పాత మాటను తవ్వి తీసి, చేపలున్న గాజు పెట్టెకు తగిలించాడు. అప్పటిదాకా దాన్ని వివేరియం అనీ, ఆక్వా వివేరియం అనీ రకరకాలుగా పిలిచేవాళ్లు. గాస్ పుస్తకం జనంలోకి వెళ్లాక మిగతా పేర్లు పోయి ఇదొక్కటే నిలిచింది. అనంతపురం పల్లెల్లో బావి పక్కన, పశువుల పాక ముందు ఉండే రాతి తొట్టి ఉంది చూశారూ, లాటిన్ లెక్కన అసలైన అక్వేరియం అదే. 'చేపల తొట్టి' అనే మన మాట నాటు మాటలా వినిపిస్తుంది గానీ, గాస్ పెట్టిన పేరుకు అంతకంటే దగ్గరి అనువాదం దొరకదు.

ఇంకో మాట కూడా ఇక్కడే తిరుగుతూ ఉంటుంది: ట్యాంకు. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు దీని పుట్టుక గురించి చాలాసేపు తర్జనభర్జన పడుతుంది. పోర్చుగీసు 'తాంకే' నుంచి వచ్చిందా, గుజరాతీ, మరాఠీల్లోని 'టాంకు' నుంచి వచ్చిందా అని. ఎటునుంచి వచ్చినా, దక్షిణాదికొచ్చిన ఇంగ్లిష్ దొరలు మన చెరువుల్ని ట్యాంకులన్నారు. ఈ రోజు దుకాణానికి వెళ్లి 'రెండడుగుల ట్యాంకు ఎంత?' అని అడిగే కుర్రాడు తెలియకుండానే చెరువు బేరం ఆడుతున్నాడు.

ఆ బేరాన్ని సీరియస్‌గా తీసుకుందాం అనిపిస్తుంది నాకు. ఎందుకంటే సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వాన పడే జిల్లాలో, రాయలసీమ పీఠభూమి మీద, ఇంట్లో చూసుకోడానికి యాభై లీటర్ల నీళ్లు పెట్టుకోవడం సిగ్గుపడాల్సిన పనా అనే ప్రశ్న ఊరికే కొట్టేసేది కాదు. బిందెల వరస చూసినవాళ్లెవరికైనా వచ్చే ప్రశ్నే అది. లెక్క వేసి చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టిలో నిండా పోస్తే పట్టేది 56 లీటర్లు. అదే తొట్టిని మూత లేకుండా మిద్దె మీద పెట్టి ఏడాదంతా పడిన వాన మొత్తాన్నీ చుక్క పోకుండా పట్టినా రెండడుగుల ఎత్తుకు రాదు. మరోపక్క అక్కడి ఎండ ఏడాదిలో ఆవిరి చేయగలిగిన నీళ్లు ఆ వానకు రెండు రెట్లకు మించి ఉంటాయి. కాబట్టి వదిలేస్తే అది ఎండిపోతుంది. అనంతపురం చెరువులు పుట్టినప్పటి నుంచీ వాటితో ఉన్న తగువు కూడా ఇదే.

గాజు తొట్టి చరిత్ర మొదలయ్యేది మాత్రం నీళ్లకు కొరత లేని లండన్‌లో. 1845లో బ్రిటన్‌లో గాజు మీద పన్ను ఎత్తేశారు, గాజు పలకలు చవకయ్యాయి. 1846లో ఆనా థిన్ అనే ఆవిడ సముద్ర తీరం నుంచి పగడపు జీవుల్ని లండన్‌కు తెచ్చి ఇంట్లో బతికించింది. ఎలా? తెచ్చిన సముద్రపు నీళ్లను రోజూ కిటికీ ముందు ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, అరగంట, ముప్పావుగంట సేపు, ఎత్తి పోయించడం ద్వారా. పోసింది ఆవిడ కాదు, పనిమనిషి. ఇప్పుడు మనం మూడొందలు పెట్టి కొనే గాలి పంపు చేసే పనిని అప్పట్లో చేసింది ఆ అమ్మాయి రెండు చేతులు. ఆమె పేరు చరిత్రలో లేదు. నీళ్లు మోసినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు, లండన్‌లోనైనా కళ్యాణదుర్గంలోనైనా.

మంచినీటి తొట్టికి మూలపురుషుడు రాబర్ట్ వారింగ్టన్. ఔషధ వ్యాపారుల సంఘం వారి అపోథికరీస్ హాల్‌లో రసాయన శాస్త్రవేత్త. 1849లో పన్నెండు గ్యాలన్లు పట్టే పాత్రలో నీళ్లు పోసి రెండు బంగారు చేపలు, కొంచెం వాలిస్నేరియా నాచు వేశాడు. నాచు ఆక్సిజన్ ఇస్తుంది, చేప బొగ్గుపులుసు గాలి ఇస్తుంది, ఒకరి ఉచ్ఛ్వాసం ఇంకొకరి నిశ్వాసం. లెక్క బాగానే ఉంది కానీ ముసలి ఆకులు కుళ్లి నీళ్లు మురిగాయి. అప్పుడు చెరువు నత్తల్ని వదిలాడు, అవి కుళ్లినదంతా తినేశాయి. 1850లో ఈ సంగతిని కెమికల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. జంతువు, మొక్క, చెత్త తినేది, మూడూ సరిపోయినప్పుడు నీళ్లు నిలుస్తాయి అనేది ఆయన సిద్ధాంతం. మూడేళ్లకు 1853లో లండన్ జూలో ఫిష్ హౌస్ తెరిచారు, ఇంగ్లండ్ అంతా గాజు తొట్ల పిచ్చి పట్టింది. ఆ పిచ్చి మనదాకా వచ్చేసరికి చాలా కాలం పట్టింది. 1909లో మద్రాసు మెరీనా మీద దేశంలోనే మొట్టమొదటి ప్రజా అక్వేరియం తెరిచారు. అనంతపురం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అది మూతపడింది.

ఇక్కడ వారింగ్టన్‌ను కాసేపు ఆపి వెనక్కి, ఐదు వందల ఏళ్ల వెనక్కి పోవాలి. 1364లో విజయనగర రాజు బుక్కరాయల దగ్గర మంత్రిగా ఉన్న చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగు చుట్టుపక్కల రెండు చెరువులు కట్టించాడని సంప్రదాయం: అనంతసాగరం, బుక్కరాయసముద్రం. ఊరు పేరు అక్కడినుంచే. అంటే అనంతపురం చెరువు కోసం పుట్టిన ఊరు. చెరువు ఊరి కోసం పుట్టింది కాదు. ఇంకో ఐదేళ్లకు, 1369లో, పక్కనే కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఇంకో పెద్ద చెరువు కట్టించి, ఒక సంస్కృత శాసనం వేయించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. శాసనం ఆ లెక్కతో ఆగదు. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాల్ని, చెరువుకు పట్టే ఆరు దోషాల్ని వరసగా చెబుతుంది. కట్టలోంచి ఊట కారడం. చౌడు నేల. రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. మధ్యలో మిట్ట లేవడం. నీళ్లు తక్కువ, పారాల్సిన నేల ఎక్కువ కావడం. నేల తక్కువ, నీళ్లు ఎక్కువ కావడం.

కొత్తగా తొట్టి పెట్టేవాళ్లకు ఈ ఆరు దోషాల జాబితా కంటే మంచి పాఠం నేను చూడలేదు. ఒకటోది సిలికాన్ అతుకు కారడం. ఐదోది, నీళ్లు తక్కువ ఆయకట్టు ఎక్కువ, మొదటి తొట్ల మరణాల్లో సగానికి కారణం: రెండడుగుల తొట్టిలో పది బంగారు చేపలు. (సరిహద్దు దోషానికి మన ఇళ్లలో సమానార్థకం ఏమిటో అన్నదమ్ములు ఒక గదిలో ఉండే ఇంట్లో తెలుస్తుంది.) రెండోదైన చౌడు దగ్గరికి కాసేపట్లో వద్దాం.

శాసనం చెప్పని దోషం ఒకటుంది, దాన్ని జనం కథ చెప్పింది. బుక్కరాయసముద్రం చెరువు తెగబోతుంటే, ఊరు మునగకుండా బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ప్రాణం ఇచ్చిందని. సి.పి. బ్రౌను సేకరణల్లోని అనంతపురం చరిత్రలో ఈ కథ ఉంది. దాన్ని తీసుకునే కట్టమంచి రామలింగారెడ్డి పందొమ్మిదో శతాబ్దం ముగిసేవేళ 'ముసలమ్మ మరణం' రాశాడు. ఆధునిక తెలుగు కవిత్వం తొలి అడుగుల్లో ఒకటిగా చెప్పుకునే ఆ కావ్యం ఒక చెరువు కట్ట మీద నిలబడి ఉందని మన సాహిత్య చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కరువు సీమలో జనం చెప్పుకున్న అతి పెద్ద విషాదం నీళ్లు లేకపోవడం గురించి కాదు, నీళ్లు ఒక్కసారిగా వచ్చిపడడం గురించి. వాన కొసరి కొసరి పడే చోట కట్ట తెగితే పోయేది ఆ ఏడు పంట మాత్రమే కాదు, మళ్లీ నిండేదాకా ఎన్నేళ్లు పడతాయో ఎవరికీ తెలియదు.

వారింగ్టన్ దగ్గరికి తిరిగి వస్తే, ఆయన సిద్ధాంతంలో ఒక పెద్ద ఖాళీ ఉంది. గాలి లెక్క చూశాడు, నత్రజని లెక్క చూడలేదు. చేప మొప్పల్లోంచి వచ్చేది అమ్మోనియా, విషం. కొత్త తొట్టిలో మొదటివారం చేపలు హుషారుగా తిరుగుతాయి, రెండో వారం నీటి పైకొచ్చి నోరు తెరుస్తాయి, తర్వాత ఒక్కొక్కటే పోతాయి. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఎందుకు చచ్చాయో అర్థం కాదు. చాలామంది ఇక్కడే తొట్టి అమ్మేస్తారు.

ఈ చావుల రహస్యం విప్పే పనిలో ముఖ్యుడు ఎవరనుకున్నారు? ఆయన కొడుకు. పేరు కూడా రాబర్ట్ వారింగ్టనే. 1877లో ఫ్రాన్సులో ష్లోజింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక గుండా నెమ్మదిగా పోనిచ్చి చూశారు. మొదటి కొన్నాళ్లు ఏమీ జరగలేదు. తర్వాత అమ్మోనియా మాయమై నైట్రేటు రావడం మొదలైంది. క్లోరోఫాం ఆవిరి తగిలించగానే ఆగిపోయింది. అంటే ఆ పని చేస్తున్నది ప్రాణమున్న జీవులు. ఈ కబురు అందుకుని చిన్న వారింగ్టన్ ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రంలో ఏళ్ల తరబడి కూచుని, ఇది రెండు మెట్ల పని అనీ, అమ్మోనియాను నైట్రైటు చేసేది ఒక జీవి, నైట్రైటును నైట్రేటు చేసేది ఇంకొకటి అనీ తేల్చాడు. ఆ జీవుల్ని విడిగా పట్టుకోవడం మాత్రం ఆయన వల్ల కాలేదు. 1890 ప్రాంతంలో రష్యన్ శాస్త్రవేత్త వినొగ్రాడ్‌స్కీ పట్టుకున్నాడు. తండ్రి తొట్టి ఎందుకు నిలిచిందో కొడుకు పొలం మట్టిలో వెతికాడన్నమాట. తొట్టి గురించి ఆయన వెతకలేదు లెండి, ఎరువు గురించి వెతికాడు.

ఆ ఫ్రెంచి వాళ్ల ఇసుక గొట్టమే ఇవాళ్టి ఫిల్టరు. 'మొదటి కొన్నాళ్లు ఏమీ జరగలేదు' అన్నదే అసలు పాఠం. ఆ బాక్టీరియా స్పాంజీ మీద, గులకరాళ్ల మీద స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పటిదాకా తొట్టిలో చేపలు వేయకుండా ఫిల్టరు నడుపుతూ, చిటికెడు చేపల మేత వేసి కుళ్లనిచ్చి ఆగడం ఒక పద్ధతి. ఎవరికైనా పాత తొట్టి ఉంటే వాళ్ల స్పాంజీ ముక్క అడిగి తెచ్చుకోవడం ఇంకా మంచి పద్ధతి, పాల గిన్నెలో తోడు వేసినట్టు. ఆ స్పాంజీని కుళాయి నీళ్ల కింద పెట్టి శుభ్రంగా కడిగేస్తే తోడు చచ్చిపోతుంది, క్లోరిన్ ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు చౌడు. అనంతపురం బోరు నీళ్లు రాతి పొరల్లోంచి వస్తాయి. కాఠిన్యం ఎక్కువ, చాలా చోట్ల ఫ్లోరైడు కూడా. తొట్టిలోంచి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పులు పోవు. తరిగిన మేరకు మళ్లీ బోరు నీళ్లే పోస్తూ పోతే నెల నెలకూ ఉప్పు పేరుకుంటుంది. మురుగు కాలువ లేని చోట ఏళ్ల తరబడి నీళ్లు పెడితే పొలం చౌడుబారేది కూడా ఇలాగే. అందుకే పోయడం కాదు, తీసి పోయాలి: వారానికి ఐదోవంతు నీళ్లు బయటికి తీసి అంతే కొత్తవి. వాన నీళ్లు పట్టుకుంటే మరీ మంచిది. ఇంట్లో ఆర్ఓ మిషను వదిలేసే నీళ్లు మాత్రం వద్దు, ఉప్పంతా ఉండేది వాటిలోనే.

ఎండ సంగతి. ఇరవై డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, ముప్పై ఐదు దగ్గర సుమారు 7. మే నెలలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే మిగిలేది అంతే. అయితే ఇలాంటి నీళ్లకు అలవాటుపడ్డ చేప మన చెరువుల్లో ఎప్పటినుంచో ఉంది, కొర్రమీను. పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది, చెరువు ఎండితే తడి బురదలో దూరి వాన దాకా ఆగుతుంది. గాజు తొట్ల చరిత్ర కూడా ఇలాంటి ఊపిరి మీదే నడిచింది. 1869లో చైనా నుంచి పారిస్‌కు వచ్చి కార్బొనియే దగ్గర పిల్లల్ని పెట్టిన ప్యారడైజ్ చేప ఆ ఓడ ప్రయాణాన్ని తట్టుకున్నది గాలి పీల్చగలదు కాబట్టే. దుకాణాల్లో ప్లాస్టిక్ గ్లాసుల్లో ఒక్కొక్కటిగా పెట్టి అమ్మే బెట్టా కూడా దాని బంధువే. గ్లాసులో చావకపోవడం వేరు, గ్లాసులో బతకడం వేరు. దానికీ కనీసం ఇరవై లీటర్లు ఇవ్వండి.

కఠినమైన నీళ్లలో హాయిగా ఉండేది గప్పీ. 1866లో ట్రినిడాడ్ నుంచి గప్పీ అనే ఆయన బ్రిటిష్ మ్యూజియానికి పంపిన చేప. మన దేశానికి ఇది ముచ్చట కోసం మాత్రమే కాదు, దోమల కోసం వచ్చింది. 1897లో రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాక, దోమ పిల్లల్ని తినే చేపల కోసం వెతుకులాట పెరిగింది. 1928లో గాంబూసియా వచ్చింది. ఇప్పటికీ ఆంధ్రలో ఆరోగ్య శాఖ కుంటల్లో గాంబూసియాను వదులుతూనే ఉంటుంది. ప్రపంచంలో అతి చెడ్డ వంద చొరబాటు జాతుల పట్టికలో కూడా దాని పేరు ఉంది. దోమ పిల్లలతో ఆగదు, స్థానిక చేపల గుడ్లు, పిల్లలు కూడా తింటుంది. అందుకని విసుగొచ్చి తొట్టి తీసేసేరోజు గప్పీలను పుణ్యం వస్తుందని చెరువులో వదలొద్దు. అడిగితే తీసుకునేవాళ్లు ఎప్పుడూ దొరుకుతారు, అవి నెల తిరిగేసరికి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి కాబట్టి.

ఇక సిగ్గు సంగతి. 56 లీటర్లలో వారానికి ఐదోవంతు అంటే పదకొండు లీటర్లు, ఒక బకెట్టు. ఆ నీళ్లు వృథా కావు, చిన్న వారింగ్టన్ వెతికిన నైట్రేటు వాటిలోనే ఉంటుంది. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతులు పూడిక మట్టి తవ్వి బండ్ల మీద పొలాలకు తోలుకునేవాళ్లు, ఎరువు కొనే పని తగ్గేది, చెరువు లోతూ నిలిచేది. తొట్టి అడుగున పైపుతో లాగిన ఆ బకెట్టు నీళ్లు పోస్తే కరివేపాకు మొక్క నెలలోపే తేడా చూపిస్తుంది. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎంత పారాలో చూసుకోడానికి ఊరికి ఒక నీరుగంటి ఉండేవాడు, పంట మీద అతనికి మేర ఇచ్చేవాళ్లు. ఇంట్లో ఆ పని ఎవరిదో చేపలు తెచ్చే ముందే తేల్చుకోవాలి. చాలా ఇళ్లలో అది చివరికి అమ్మ మీద పడుతుంది.