వీధి కారు పందెపు బాట ఎక్కినప్పుడు

నిత్యం కచేరీకి, బజారుకు, పెళ్ళిళ్ళకు పోయివచ్చే సొంత కారును ఒకనాడు పందెపు బాటమీదికి తీసుకొనిపోయి దాని వేగమెంతో చూడవలెనని కొందరికి కోరిక కలుగుతుంది. రుసుము చెల్లించినవారు తమ కార్లను బాటమీద నడుపుకొనే ఇట్టి దినాన్ని ‘ట్రాక్ డే’ అంటారు. అందులో పందెం లేదు, బహుమతి లేదు. తొలిసారి పోయేవాని ధ్యాస అంతా ఇంజను మీదనే ఉంటుంది. కాని ఈ బాటల చరిత్రను పరిశీలిస్తే, వాటిమీద మొదట అలసిపోయేవి టైర్లు, బ్రేకులు అని తెలుస్తుంది.

ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఇంగ్లండు రోడ్లమీద గంటకు 20 మైళ్ళకు మించి కారు నడపడం నేరం. కార్లు మాత్రం అంతకు మూడింతలు పరుగెత్తగల స్థితికి వచ్చినవి. వాటిని పరీక్షించడం ఎక్కడ? హ్యూ లాక్ కింగ్ అనే భూస్వామి వేబ్రిడ్జి సమీపాన తన సొంత భూమిలో సుమారు 2¾ మైళ్ళ కాంక్రీటు బాటను నిర్మించినాడు. అదే బ్రూక్‌లాండ్స్. 1907 జూన్‌లో అది ప్రారంభమైనది. వేగంగా తిరిగే కారు జారిపోకుండా, మలుపుల వద్ద బాట వెలుపలి అంచును దాదాపు 29 అడుగుల వరకు ఎత్తి కట్టినారు. ఆ నెలలోనే ఎస్. ఎఫ్. ఎడ్జ్ అనే ఆయన నేపియర్ కారును 24 గంటలపాటు నడిపి, 1,581 మైళ్ళు తిరిగినాడు. ఇంజను తట్టుకొన్నది. టైర్లను మాత్రం పదే పదే మార్చవలసి వచ్చినది.

ఆ సూచనలోని తీవ్రత ఆరేళ్ళకు బయటపడినది. 1913 ఫిబ్రవరిలో పెర్సీ లాంబర్ట్ టాల్బట్ కారులో ఒక్క గంటలో 103 మైళ్ళకు పైగా పోయినాడు. కారులో గంటకాలంలో నూరు మైళ్ళు దాటిన మొదటి మనిషి అతడే. అదే సంవత్సరం అక్టోబరు 31న మరల ప్రయత్నిస్తుండగా వెనుక టైరు పగిలి, కారు బోల్తాపడి మరణించినాడు. ఇంజను బలం ఎంతదైనా, కారు నేలను పట్టుకొని ఉండేది నాలుగు టైర్ల అడుగున ఉన్న అరచేతులంత జాగాతోనే కదా!

సామాన్యుడు తన కారును బాటమీదికి తీసుకొనిపోయే అలవాటుకు జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ ప్రసిద్ధి. ఐఫెల్ కొండలలో 1925లో పని మొదలుపెట్టి, 1927లో దీనిని ప్రారంభించినారు. పందేలు లేని వేళలలో సుంకం కట్టిన ఎవరైనా తమ వాహనాన్ని దీనిమీద నడుపుకొనవచ్చును. నేడు సుమారు 20.8 కిలోమీటర్ల పొడవున్న దీని ఉత్తర భాగంలో ఎక్కుడు, దిగుడు, మలుపు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటవి. ప్రతి మలుపు ముందరా బ్రేకు నొక్కవలసినదే.

ఇక బ్రేకు చేసే పని చూతము. గతిశక్తి వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. 1,000 కిలోగ్రాముల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దానిలో సుమారు 3,86,000 జౌళ్ళ శక్తి ఉంటుంది. అది ఒక లీటరుకు పైగా నీటిని మరిగించగలదు. అదే కారును 150 నుంచి 75కు తగ్గించితే, ఆపకపోయినా, దాదాపు 6,50,000 జౌళ్ళు ఉష్ణంగా మారి బ్రేకులలో చేరుతుంది. ఊరి రోడ్డుమీద ఒకసారి బ్రేకు వేసిన తరువాత అది చల్లారడానికి వ్యవధి ఉంటుంది. పందెపు బాటమీద ఆ వేడి దిగకముందే మరొక మలుపు వస్తుంది.

పాతకాలపు డ్రమ్ము బ్రేకుకు ఇది పెద్ద చిక్కు. కమ్మరి బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించేటప్పుడు దానిని ఎర్రగా కాల్చుతాడు. వేడికి పట్టా పెద్దదై చక్రంమీద సులువుగా కూర్చుంటుంది. డ్రమ్ము కూడా అట్లే వేడికి వ్యాకోచించి, లోపలి నుంచి ఒత్తే బ్రేకు దిమ్మలకు దూరమవుతుంది. గాలికి తెరచి ఉన్న పలకను రెండు వైపుల నుంచి నొక్కిపట్టే డిస్కు బ్రేకులో ఈ లోపం లేదు. లాంచెస్టర్ 1902లోనే దీనికి పేటెంటు పొందినాడు. అయినను దాని విలువ లోకానికి తేటపడినది 1953లో. ఆ ఏట డిస్కు బ్రేకులు గల జాగ్వార్ కారు ఫ్రాన్సులోని ల మాన్ 24 గంటల పందెంలో గెలిచినది. రెండేళ్ళకు సిట్రోయెన్ డి.ఎస్. అనే వీధి కారు ముందు చక్రాలకు అవే బ్రేకులు వచ్చినవి. పందెపు బాటమీద నేర్చిన పాఠం ఈ విధంగా ఇంటి వాకిట నిలిచే కారుకు చేరినది.

ఇంకొక లోపం కంటికి కనబడనిది. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ‘డాట్ 3’ తరగతి ద్రవం కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరగరాదు. తేమ చేరినదైతే ప్రమాణం 140 డిగ్రీలకే దిగుతుంది. మరిగిన ద్రవంలో ఆవిరి బుడగలు పుడతవి. ద్రవం వలె గాక ఆవిరి నొక్కితే కుంచించుకొనిపోతుంది కనుక, కాలు నేలకు తగిలినా బ్రేకు పట్టదు.

మన దక్షిణాదికి ఈ అనుభవం మద్రాసు ప్రక్కన వచ్చినది. యుద్ధకాలపు విమానాల బాట అయిన షోలవరంలో, 1953లో ఏర్పడిన మద్రాసు మోటారు క్రీడా సంఘం ఏటేటా పందేలు జరిపించినది. వీధులలో తిరిగే ఫియట్, హెరాల్డ్ వంటి కార్లనే మార్పులు చేసి పరుగెత్తించినారు. తరువాత ఇరుంగాట్టుకోట్టైలో పందేల కోసమే కట్టిన బాట 1990లో ప్రారంభమైనది.

కనుక తొలిసారి పోయేవారు టైర్లలో పగుళ్ళు లేకుండా చూచుకొని, బ్రేకు ద్రవాన్ని కొత్తగా మార్పించి, కారులోని వదులు సామాను తీసివేసి, తలకు హెల్మెట్ పెట్టుకొని, నిర్వాహకులు చెప్పే నియమాలు శ్రద్ధగా వినవలెను. కొన్ని చుట్లయిన వెంటనే కారును నిలిపివేయక, బ్రేకులు చల్లారడానికి ఒక చుట్టు నెమ్మదిగా తిప్పవలెను. ఆగిన పిదప వేడి బ్రేకుమీద చేతి బ్రేకు బిగించరాదు.

సాయంత్రం అదే కారులో ఇల్లు చేరవలసి ఉన్నది. దారిలో గేదెలు అడ్డం వస్తవి, బడిపిల్లలు పరుగెత్తుతారు. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలని పగలంతా పాదంతో తెలుసుకొన్నవాడు, ఆ దారిలో నెమ్మదిగానే నడుపుతాడు.