పొర కింది చుట్టరికం

చందూర్, వర్ని, బోధన్ పల్లెల్లో చెరుకు కొసలు మేసిన బర్రె నీడన పడుకుని నెమరు వేస్తున్నప్పుడు, దాని పెద్ద పొట్టలో సీలియేట్లనే సూక్ష్మజీవులు గడ్డిని విడగొడుతుంటాయి. ఒక్క మిల్లీలీటరు రసంలో అవి లక్షల్లో ఉండవచ్చు. నిజాంసాగర్ కాలువ నీరు నిలిచే వరి మళ్లలో వీటి దాయాదులు పారమీషియం, కోల్పోడా ఈదుతుంటాయి. ప్రతిదీ ఒకే కణం. ఒంటి మీద వెంట్రుకల్లాంటి శైలికలు, లోపల రెండు రకాల కేంద్రకాలు. వీటిలో ఎవరికి ఎవరు దగ్గరో తేల్చడానికి శాస్త్రానికి మూడు శతాబ్దాలు పట్టింది. అంత ఆలస్యానికి ప్రధాన కారణం పైరూపాన్ని నమ్మడమేనని నా అభిప్రాయం.

1670లలో లీవెన్‌హుక్ ఈ జీవుల్ని తన కటకాల్లోంచి చూశాడు. 1838లో ఎరెన్‌బర్గ్ వీటికి చాలా పొట్టలున్నాయని, పెద్ద జంతువుల్లాగే పూర్తి అవయవాలున్నాయని రాశాడు. దుజార్దాన్ దాన్ని ఖండించాడు. 1859లో స్టైన్ శైలికలు ఒంటిపై ఎలా పరుచుకున్నాయో చూసి తరగతులు కట్టాడు: ఒళ్లంతా సమానంగా ఉన్నవి ఒకటి, నోటి దగ్గర పెద్ద కుచ్చులున్నవి ఒకటి, అడుగునే ఉన్నవి మరొకటి. చూడగానే గుర్తుపట్టే పద్ధతి కాబట్టి వందేళ్లకు పైగా దాని ప్రభావం పోలేదు.

బర్రె పొట్టలోని ఎంటోడీనియం కథ ఈ పద్ధతి లోపాన్ని బాగా చూపిస్తుంది. నెమరువేసే పశువుల పొట్టలో సీలియేట్లున్నాయని 1843లోనే గ్రూబీ, డెలఫాన్ గమనించారు. ఎంటోడీనియం ఒళ్లు దాదాపు నున్నగా ఉంటుంది, నోటి దగ్గర మాత్రం శైలికల కుచ్చు. ఆ కుచ్చును చూసి 1961లో కూడా కార్లిస్ దాని వర్గాన్ని స్టెంటార్ అనే సీలియేట్ వంటి వాటితో కలిపి స్పైరోట్రైకాలో పెట్టాడు. నిజానికి దాని రక్తసంబంధం వేరే చోట ఉంది.

ఆ సంగతి బయటపడటానికి శైలిక మొదలు దాకా వెళ్లాల్సి వచ్చింది. 1926లో క్లైన్ వెండి లవణాలతో కణానికి రంగు పట్టించినప్పుడు పొర కింది గీతలు నల్లగా తేలాయి. 1930లలో షాతన్, ల్వోఫ్ ఆ గీతల్ని చదివారు. ప్రతి శైలిక అడుగున ఒక ఆధార కణిక ఉంటుంది. దాని నుంచి పుట్టే పోగు ఎప్పుడూ ఆ వరుసకు కుడివైపే ఉంటుందని వారు గుర్తించారు. 1965లో బైసన్, సోన్‌బోర్న్ పారమీషియంలో కొన్ని వరుసలు తలకిందులైన కణాల్ని పెంచారు. జన్యువులు మారకపోయినా ఆ తలకిందుల వరుస తరతరాలకూ అలాగే సంక్రమించింది. కొత్త వరుసకు పాత వరుసే అచ్చు. జీవశాస్త్రంలో నన్ను ఇంతగా కదిలించిన ప్రయోగాలు తక్కువ.

మన తీరంలోనూ సీలియేట్లను గుర్తించే పని సాగింది. విశాఖ సముద్రపు సీలియేట్ల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన పి.ఎన్. గణపతి, ఎం.వి. నరసింహారావు 1958లో సర్వే ప్రచురించారు. అప్పటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఈ రంగంలోకి అప్పుడప్పుడే వస్తోంది. అది వచ్చాక ఆధార కణికలో మూడేసి సూక్ష్మనాళికలున్న తొమ్మిది గుత్తులు, దాని నుంచి బయల్దేరే రెండు రిబ్బన్లు, ఒక పోగు స్పష్టంగా కనిపించాయి. నోరు, కుచ్చు, ఆకారం తిండిని బట్టి త్వరగా మారిపోతాయని, శైలిక అడుగున ఉన్న ఈ చిన్న అమరిక మాత్రం నిలకడగా ఉంటుందని 1976లో డెనిస్ లిన్ వాదించాడు. ఆ వాదనకు ఆధారం కోల్పోడా జాతుల అధ్యయనమే. 1981లో స్మాల్‌తో కలిసి ఆ అమరిక పునాదిగా మొత్తం వర్గీకరణను తిరగరాశాడు.

ఆ తర్వాత రైబోసోమ్ ఆర్‌ఎన్‌ఏ జన్యువుల పోలిక వచ్చింది. 1997లో రైట్, డెహోరిటీ, లిన్ ఎంటోడీనియం క్రమాన్ని చదివితే అది లిటోస్టోమేటియాలో తేలింది. ఇతర సీలియేట్లను వేటాడి మింగే డిడీనియం ఉన్న తరగతి అదే. గడ్డి నమిలే పశువు పొట్టలోని జీవికి వేటగాడు చుట్టం! సముద్రపు ఇసుకలో బతికే కారియోరిలిక్టియా విషయంలోనూ లెక్క తారుమారైంది. రెండు రకాల కేంద్రకాల్లో పెద్దదైన స్థూల కేంద్రకం వీటిలో విభజన చెందదు కాబట్టి ఇవే అతి పురాతనమైనవని చాలాకాలం అనుకున్నారు. జన్యువులు మాత్రం వాటిని స్టెంటార్ వర్గం పక్కన నిలబెట్టాయి.

అన్నిటికన్నా పెద్ద చుట్టరికం మరొకటుంది, అది మలేరియా పరాన్నజీవితో. సీలియేట్ల పైపొర కింద చదునైన సంచులు పరుచుకుని ఉంటాయి. వాటినే ఆల్వియోలై అంటారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఒంటి మీద శైలికలు లేని ఆ జీవి పొర కిందా ఇలాంటి సంచులే ఉన్నాయి. 1991లో ఆర్‌ఎన్‌ఏ పోలిక ఈ రెండు వర్గాలనూ డైనోఫ్లాజెల్లేట్లనే మరో ఏకకణ జీవుల వర్గాన్నీ ఒకే గుంపుగా చూపింది. ఆ సంచులకు ఆధారమిచ్చే ఆల్వియోలిన్ ప్రోటీన్లు మూడింటిలోనూ ఉన్నాయని 2008లో తేలింది. పారమీషియం ఆ సంచుల్లో కాల్షియం దాచుకుంటుంది. మలేరియా పరాన్నజీవి వాటికి తన కదలిక యంత్రాన్ని బిగించుకుని ఎర్ర రక్తకణంలోకి దూరుతుంది.