ఐదో కాంటూరుకు రంగేస్తే

కొల్లేరు లంకల్లో ‘ఐదో కాంటూరు’ అన్న మాట తెలియని మనిషి ఉండడు. సంతకం చేయడం రానివాడు కూడా తన చేపల చెరువు దానికి లోపలో బయటో ఠక్కున చెప్తాడు. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత అది. దాని లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యం చేశారు. 2006లో అక్కడి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో ఆ అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు, అంటే 3 అడుగుల గీతకు, కుదించమని శాసనసభ తీర్మానించింది. ఇంత తగాదా తెచ్చిన గీతను నేలమీద నిలబడి కంటితో పోల్చుకోవడం కష్టం. కంప్యూటర్లో కొల్లేరు త్రీడీ నమూనా తెరిచి, ఆ మేర నొక్కి, రంగు వెలిగించి చూడాలి.

ఈ నొక్కితే వెలగడం అనేదానికి 60 ఏళ్లు దాటాయి. 1963లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ ‘స్కెచ్‌ప్యాడ్’ చేసినప్పుడు చేతిలో లైట్ పెన్ను ఉండేది. పేరుకే లైటు, అది వెలుగు చిమ్మదు, చూస్తుంది. తెరమీద గీత తన కింద మెరిసిన క్షణాన సంకేతమిస్తుంది, ఆ క్షణంలో ఏ గీత గీస్తున్నదో యంత్రానికి తెలుసు కాబట్టి దొరికిపోతుంది. అప్పటికి అన్నీ గీతలే, తలాలు లేవు. 1971లో గురో, 1975లో ఫాంగ్ నీడల లెక్కలు చెప్పాక బొమ్మకు ఒళ్లొచ్చింది.

ఒళ్లొచ్చాక చిక్కూ వచ్చింది. మౌస్ కింద ముందు తలం ఉంది, వెనక తలమూ ఉంది, ఏది పట్టాలి? 1968లోనే ఆర్థర్ అపెల్ నీడల కోసం కిరణాలు వదిలే పద్ధతి చెప్పాడు. అదే పనికొచ్చింది: కంటి నుంచి మౌస్ మీదుగా ఒక కిరణం వదులు, మొదట తగిలిన ముక్కే నీది. ఇంకో ఉపాయం నాకు మరీ ఇష్టం. తెరచాటున ఒక్కో తలానికి ఒక్కో రంగు పులిమి మొత్తం బొమ్మ గీస్తారు. మౌస్ కింది రంగే ఆ తలం నంబరు. 24 బిట్లలో 1,67,77,216 రంగులున్నాయి, ఎంత పెద్ద నమూనాకైనా దాదాపు సరిపోతాయి. త్రీడీ బొమ్మలు గీయించే 1992 నాటి ఓపెన్‌జీఎల్‌ అనే సాఫ్ట్‌వేర్ ప్రమాణంలో ఎంపిక కోసమే ప్రత్యేకమైన ఏర్పాటుండేది. 2008లో దాన్ని పాతవాటిలో కలిపేశారు. 2011లో దాని వెబ్ రూపం వెబ్‌జీఎల్ వచ్చాక ఇదంతా బ్రౌజర్లోకి దిగింది.

పట్టుకోవడం ఒక ఎత్తు, చూపించడం ఇంకో ఎత్తు. చిక్కటి రంగు కొడితే తలం వంపులు మాయమై కాగితం ముక్కలా కనిపిస్తుంది. రంగు పొరను సరిగ్గా తలం మీదే పరిస్తే రెండూ ఒకే లోతులో తోసుకుని చారలుచారలుగా మినుకుమంటాయి; పొరను కంటివైపు వెంట్రుకవాసి జరపాలి. త్రీడీ సాఫ్ట్‌వేర్లలో ఎంచినదానికి బ్లెండర్ నారింజ అంచు గీస్తుంది, మెష్‌ల్యాబ్ ఎరుపు పులుముతుంది. నన్నడిగితే స్కెచప్ నీలి చుక్కలే మేలు, కింది బొమ్మను మింగవు.

ఒకసారి ఏలూరులో కూర్చుని కొల్లేరుకు ఈ పని చేశాను. 2000లో అంతరిక్ష నౌక రాడార్ తీసిన ఎత్తుల లెక్కలు ఉచితంగా దొరుకుతాయి. నమూనా తెరిస్తే చపాతీలా చదునుగా ఉంది. ఎత్తును యాభై రెట్లు పెంచితేగాని పల్లం తెలియలేదు. ఐదో కాంటూరు లోపలి మేర నొక్కాను. భేషుగ్గా నీలంగా వెలిగింది. మూడుకి దించాను, గళ్లుగళ్లుగా తెగిపోయింది. అప్పుడు తట్టింది. మూడుకీ ఐదుకీ తేడా రెండడుగులు, అంటే దాదాపు 60 సెంటీమీటర్లు. ఆ కాస్తలోనే సరస్సు 135 చదరపు కిలోమీటర్ల నుంచి 308కి పెరుగుతుంది. నా లెక్కల్లో ఎత్తులేమో పూర్తి మీటర్లలో ఉన్నాయి. ఆ రాడార్ పెట్టుకున్న పొరపాటు హద్దే 16 మీటర్లు! పైగా కొన్నిచోట్ల అది కొలిచింది చెరువు అడుగును కాదు, గట్టును.

తెరమీద వెలిగిన నీలం చూపించి ఎవరి చెరువు లోపలుందో తేల్చకండి. లెవెల్ యంత్రం, స్టాఫ్ కర్ర పట్టుకుని గట్టు మీదికి వెళ్లి కొలవండి.