కాంతిరేఖల క్రీడ

వరంగల్లునుండి ఖమ్మమునకు పోవు మార్గమున నున్న తొర్రూరు, 2016లో జిల్లాల పునర్విభజన జరుగువరకు వరంగల్లు జిల్లాలోనిదై, పిదప మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఈ యూరికి సమీపమునందే యున్న పాలకుర్తి, ద్విపదకు కావ్యగౌరవము నార్జించిపెట్టిన పాల్కురికి సోమనాథుని పేరుతో పెనవైచుకొన్న గ్రామము. శివరాత్రినాడు శ్రీశైలమున జాగరణము చేయు భక్తులు కనుచుండిన వినోదములను ఆ కవి తన పండితారాధ్యచరిత్రమున వర్ణించుచు, తెరమాటున నాడు బొమ్మలను గూడ పేర్కొనెను. కావున వెలుగును తెరపై నాడించి జనులను రంజింపజేయు విద్య ఈ సీమవారికి నిన్న మొన్నటిది కాదు. ఆ విద్యయే విద్యుద్యుగమున ధరించిన రూపములలో మిక్కిలి విచిత్రమైనది, 1970ల చివర అమెరికాలోని ఆర్కేడ్ శాలలలో పుట్టి, పదియేండ్లైనను నిండకుండ అంతరించి, నేడు లేజర్ ప్రొజెక్టర్ల మూలమున ఇండ్ల గోడలపై మరల వెలుగుచున్న వెక్టర్ క్రీడ.

ఈ క్రీడలను ఇతర వీడియో క్రీడలనుండి వేరుపరచునది తెరపై వెలుగు నడచు రీతి. పాత టెలివిజను పెట్టెలో ఎలక్ట్రానుల కిరణము, చూపవలసినది కొండయైనను చుక్కయైనను, తెర నెల్ల ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి వరుసవరుసగా తడవుచు పోవును. వెక్టర్ యంత్రమున నట్లు కాదు. ముగ్గుపెట్టు ఇల్లాలు చుక్కనుండి చుక్కకు గీత లాగునట్లు, కిరణము బొమ్మయొక్క ఒక కొననుండి మరియొక కొనకు నేరుగా నడచి, శూన్యముగా నుండవలసిన చోటును తాకకయే పోవును. అందుచేత నల్లని తెరపై గీతలు మెట్లు లేని నునుపుతోను, సాధారణపు తెరలకు లేని తీక్ష్ణతతోను ప్రకాశించెడివి.

1958లో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు, సందర్శకుల వినోదార్థమై ఆసిలోస్కోపుపై టెన్నిస్ ఆటను కల్పించుటయు, 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున స్టీవ్ రస్సెల్ మొదలగువారు పీడీపీ-1 కంప్యూటరుపై స్పేస్‌వార్ అను అంతరిక్షనౌకాయుద్ధమును రచించుటయు ఈ క్రీడకు పూర్వరంగములు. ఆ నౌకాయుద్ధమునే లారీ రోజెన్‌థాల్ ఆర్కేడ్ యంత్రముగా మలచగా, సినిమాట్రానిక్స్ సంస్థ 1977లో దానిని స్పేస్ వార్స్ అను పేర విపణిలోనికి దెచ్చెను. హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము నెలకొన్నదియు ఆ సంవత్సరముననే యని తలచినచో, ఇచ్చటివారు టెలివిజనునకు క్రొత్తగా అలవాటుపడుచున్నవేళ, అచ్చట దానికి ప్రత్యామ్నాయమైన తెర యొకటి వెలసినదని తెలియగలదు. 1979లో అటారీ సంస్థనుండి ఎడ్ లాగ్, లైల్ రెయిన్స్ కల్పించిన, అంతరిక్షశిలలను పగులగొట్టు ఆస్టరాయిడ్స్ వెలువడి, సుమారు 70,000 యంత్రములుగా అమ్ముడుపోయెను. 1981లో డేవ్ థ్యూరర్ రచించిన టెంపెస్ట్ రంగులను, 1983లో స్టార్ వార్స్ చలనచిత్రము ననుసరించిన క్రీడ అంతరిక్షయుద్ధపు వేగమును ఈ గీతలకు సమకూర్చెను.

అయితే ఈ వైభవమునకు ఆయుష్షు స్వల్పమయ్యెను. కిరణమును క్షణక్షణమును నలుదిక్కులకు విసరు విద్యుత్పరికరములు విపరీతముగా వేడెక్కి తరచుగా చెడిపోవుచుండెను. మరియొకవంక సాధారణపు తెరపై రంగులు నిండిన బొమ్మలను చూపు యంత్రములు చౌకగా లభింపసాగెను. 1983లో అమెరికాలోని వీడియో క్రీడల వ్యాపారము కుప్పకూలిన పిమ్మట, 1980ల నడుమనే వెక్టర్ తెరల నిర్మాణము దాదాపు నిలిచిపోయెను. ఆటలను వ్రాసినవారు సజీవులై యుండగనే, ఆ యాటలను చూపగల తెరలు పాడుపడసాగెను.

ఈ స్థితిలో తోడ్పడినవారు వర్తకులు కారు, ఔత్సాహికులు. 1997 ఫిబ్రవరి 5న ఇటలీ దేశస్థుడైన నికోలా సాల్మోరియా మేమ్ అను సాఫ్ట్‌వేరును లోకమునకు విడుదల చేసెను. పాత యంత్రముయొక్క ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, ధ్వనిపరికరములు మున్నగువాని ప్రవర్తనము నంతయు కంప్యూటరు లోపలనే అనుకరించి, మూల క్రీడను మార్పులేకుండ నడపుట దాని పద్ధతి. పెక్కుదేశములవారు కూడి పెంచిన ఈ సాఫ్ట్‌వేరు 2016లో సంపూర్ణముగా ఓపెన్ సోర్స్ అనుమతిపత్రముల క్రిందికి వచ్చెను. అయితే ఈ స్వేచ్ఛ యంత్రానుకరణమునకే కాని క్రీడలకు కాదు. ఆస్టరాయిడ్స్ వంటివాని ప్రోగ్రాములపై హక్కులు వాని యజమానులవే.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. ఆస్టరాయిడ్స్ యంత్రము చిత్రమును చుక్కల సముదాయముగా నుంచుకొనదు. ఏ గీత యెచ్చట మొదలై యెచ్చట ముగియవలెనో తెలుపు ఆజ్ఞల పట్టికగా నుంచుకొనును. కావున మేమ్ చేతికి చిక్కునది బొమ్మ కాదు, గీతల కొనలు. వానిని సాధారణపు తెరపై చూపవలెనన్నచో చుక్కలుగా విరువవలసి వచ్చును. లేజర్ ప్రొజెక్టరునకో అవి యున్నవి యున్నట్లే పనికివచ్చును. 1960లో థియోడర్ మైమన్ తొలి లేజరును వెలిగించిన పదుమూడేండ్లకు, ఐవన్ డ్రయర్ లాస్ ఏంజెలిస్‌లోని గ్రిఫిత్ వేధశాలలో సంగీతముతోడి లేజర్ ప్రదర్శనమును నెలకొల్పెను; హుస్సేన్ సాగరపు టొడ్డున లుంబినీ పార్కులో నీటితెరపై తెలుగువారు చూచిన ప్రదర్శనమును ఆ సంతతిలోనిదే. అట్టి ప్రొజెక్టరులో రెండు చిన్న యద్దములు, ఒకటి అడ్డముగను మరియొకటి నిలువుగను, గాల్వనోమీటర్ల బలమున చలించుచు కిరణమును నడపును. సెకనునకు 30,000 బిందువులను చూపగల ప్రొజెక్టర్లు నేడు వ్యక్తులకు సైతము అందుబాటులో నున్నవి.

కాని ఎలక్ట్రానులకు లేనంత బరువు అద్దములకు కలదు. మూలమలుపున కిరణము తటాలున తిరుగలేక కోణము గుండ్రనగును. తెరపై శిలలు పెక్కైనచో ఒక చుట్టు ముగియుట కాలస్యమై చిత్రము మినుకుమినుకు మనును. కావున మూలలయందు కిరణము నించుక నిలుపుటయు, ఆర్పివేసిన కిరణము వృథాగా తిరుగు దూరము తగ్గునట్లు గీతలకు క్రమము కల్పించుటయు సాఫ్ట్‌వేరు నిర్వహింపవలసిన పని. హెక్టర్ మార్టిన్ రచించిన ఓపెన్‌లేజ్ అను సాఫ్ట్‌వేరు ఈ విధమైన గణనమును జేసి, సంకేతములను సాధారణమైన సౌండ్ కార్డు ద్వారముననే ప్రొజెక్టరునకు పంపును. సౌండ్ కార్డు నిలుకడగల వోల్టేజిని పోనీయదు గనుక, దానిలోని కెపాసిటర్లను తప్పించి సరిచేయవలసి యుండును. ఇన్ని సులువు లున్నను, శక్తిగల లేజరు కన్నులపై బడినచో చూపునకే చేటు. కిరణమును ప్రేక్షకుల తలలకు మీదుగా గోడపైకి మాత్రమే మళ్లింపవలెను.

ఈ చరిత్రమునుండి మన సీమ గ్రహింపవలసిన దొకటి కలదు. తోలుబొమ్మలాట యందు తోలును పారదర్శకముగా నొనర్చుట, రంగులు దిద్దుట, కీళ్లు కట్టుట, పద్యము పాడుట కుటుంబములలో పెద్దలనుండి పిన్నలకు చేతిమీదుగా సంక్రమించిన విద్యలు. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించుట గౌరవమే యైనను, కుటుంబమునందే నిలిచిన విద్య ఆ కుటుంబము వృత్తి మార్చుకొన్ననాడు అడుగంటును. వెక్టర్ క్రీడకును ఆ గతియే పట్టవలసినది. దానిని కన్నసంస్థలు చేయి విడిచినవి. అయినను యంత్రముల నడకను పరులు పరిశీలించి, వ్రాసి, ఎవ్వరైనను చదివి సవరించునట్లు బహిరంగముగా నుంచుటచేత అది నిలిచినది. స్వేచ్ఛ యను సంస్థ తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును ప్రచారము చేయుచున్న ఈ కాలమున, పాలకుర్తి తొర్రూరు ప్రాంతముల యువకులు గోడపై శిలలను పగులగొట్టు నేర్పుతోనే, బొమ్మలాటకు చెందిన పద్ధతిని, పాటను, పనితనమును గూడ అట్లే బహిరంగముగా లిఖించి యుంచవచ్చును. దానికి కావలసిన సాధనములు వారి చేతులలోనే యున్నవి. బొమ్మలాడించు వృద్ధులు మాత్రము ఏటేట తగ్గుచున్నారు.