భగేలా పత్రం, ముకాతబా పత్రం
కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు దాస్య చరిత్రపై ఒక పరిశీలన

ఒక దొర వంశపు చరిత్ర రాయదలచిన వానికి ఆధారాల కొరత ఉండదు. సనదులు, పట్టాలు, రుసుము లెక్కలు, కోర్టు తీర్పులు, వంశవృక్షం, ఊరి నడుమ గడీ, అన్నీ అతనికి సాక్ష్యం పలుకుతాయి. అదే వంశానికి తరతరాలుగా చాకిరీ చేసినవారి చరిత్ర రాయబూనితే చేతికి దొరికేది బహు స్వల్పం. చాలా చోట్ల అది అప్పు పత్రం అడుగున పడిన ఒక వేలిముద్ర మాత్రమే. అందువల్ల ఆ పత్రాన్నే పరిశీలించవలసి ఉంటుంది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి నిజాం కాలంలో నిజామాబాదు జిల్లాలోని రెండు తాలూకాలు. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా కాగా, ఎల్లారెడ్డి అందులో ఒక రెవెన్యూ డివిజను అయింది. ఈ ప్రాంతంలోని దోమకొండ కోట పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది. కోటను ఏలిన వంశం పేరు అందరికీ తెలుసు. ఏ కోట చరిత్రలోనైనా రాళ్ళు మోసినవారి పేర్లు వెతికితే పుటలు ఖాళీగా కనబడతాయి.

ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడిందో తెలియాలంటే భూమి లెక్కల దగ్గరకు వెళ్ళాలి. మొదటి సాలార్‌జంగ్ 1853లో దివాను అయ్యేనాటికి హైదరాబాదు రాజ్యంలో శిస్తు వసూలు గుత్తకు నడిచేది. దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు ఆ వ్యవస్థలో ముఖ్యులు. 1865లో జిల్లాబందీ అమలై వసూలు అధికారం సర్కారు ఉద్యోగుల చేతికి వచ్చింది. అధికారం కోల్పోయిన దేశ్‌ముఖులకు పరిహారంగా రుసుము ఏర్పాటయింది. ఆ తరువాత భూముల సర్వే జరిగినప్పుడు, పాత లెక్కలన్నీ ఎవరి చేతిలో ఉన్నాయో వారిలో అనేకులు మంచి భూములను తమ పేర పట్టా చేయించుకున్నారు. తాతల నాటి నుండి దున్నుతున్న రైతు ఒక్క సంతకంతో కౌలుదారుడయ్యాడు. రాజ్యంలో రమారమి 60 శాతం దివానీ భూమి, 30 శాతం జాగీర్లు, 10 శాతం నిజాం సొంతమైన సర్ఫెఖాస్. పేరు ఏదైనా పల్లెలో చలామణీ అయ్యేది దొర మాట, పట్వారీ రాత.

ఈ భూమి వెంట మనుషులు కూడా కట్టుబడ్డారు. చాకలి బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, మాదిగ చెప్పులు కుట్టి కబురు మోయాలి, గౌండ్లవాడు కల్లు పోయాలి. తహసీలుదారు దౌరాకు వస్తే అందరూ పనులు మాని అతని బసకు సేవ చేయాలి. ఇది వెట్టి. దొరబిడ్డ పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళేటప్పుడు సారెతో పాటు ఒక పేదపిల్లను పంపేవారు. ఆమెను ఆడబాప అన్నారు. ఆమె శ్రమకే కాదు, శరీరానికి కూడా ఆ ఇంటివారే యజమానులు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ చిత్రానికి వస్తువు ఈ గడీ జీవితమే.

వెట్టికి కులం పగ్గమైతే, భగేలాకు అప్పు పగ్గం. పెళ్ళికో చావుకో కరువుకో కొద్దిపాటి పైకం తీసుకున్న కూలీ, అది తీరేదాకా దొర పొలంలో జీతం ఉండాలి. తిండిగింజలకు మళ్ళీ అప్పు. పనికి రాని రోజు మళ్ళీ అప్పు. వడ్డీ ఎంతో, జమ ఎంతో అతనికి తెలియదు. తండ్రి కాలుచేతులు ఆడనప్పుడు కొడుకు ఆ కాడి కిందికి వచ్చేవాడు. సంతలో ఎవరూ అతన్ని వేలం వేయలేదు. అయినా అతడు వేరే చోటికి పోలేడు, వేరే యజమానిని వెతుక్కోలేడు.

ఇక్కడ వెస్టిండీస్ చెరకు తోటల చరిత్రతో ఒక పోలిక అవసరం. 1833 చట్టంతో బ్రిటిష్ పార్లమెంటు అక్కడి బానిసత్వాన్ని రద్దు చేస్తూ 2 కోట్ల పౌన్ల పరిహారం కేటాయించింది. ఆ సొమ్ము తోటల యజమానులకు ముట్టింది. బానిసలకు దమ్మిడీ దక్కలేదు. కాని పరిహారం లెక్క కట్టడానికి, అంతకు ముందు బానిసల రిజిస్టర్ల కోసం, మనుషుల వివరాలు రాయక తప్పలేదు. నేడు లండను విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ కాగితాల ఆధారంగా ఏ కుటుంబం ఎంతమందిని బంధించిందో వెల్లడిస్తున్నారు. తెలంగాణ పల్లెలో మనిషి చట్టరీత్యా ఆస్తి కాదు గనుక అటువంటి జాబితా పుట్టలేదు. బానిస అనే పేరు లేనందువల్ల బానిస లెక్క కూడా లేకపోయింది.

ఇప్పుడు రెండవ పత్రాన్ని చూద్దాం. దాస్య విముక్తి కోరిన వానితో ఒప్పందం రాసుకోమని, పైగా దేవుడు మీకిచ్చిన ధనం నుండి వారికి ఇవ్వమని దివ్య ఖుర్ఆన్ నూర్ సూరా 33వ ఆయతు ఆదేశిస్తున్నది. దీనినే ముకాతబా అన్నారు. మొత్తం నిర్ణయమవుతుంది, వాయిదాలు చెల్లుతాయి, చివరి వాయిదాతో మనిషి స్వేచ్ఛ పొందుతాడు. హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) 300 ఖర్జూరపు మొక్కలు నాటి, 40 ఊఖియాల బంగారం చెల్లించే షరతుతో విముక్తుడైన వృత్తాంతం సుప్రసిద్ధం. సహాబాలు మొక్కలు తెచ్చి ఇచ్చారు, దైవప్రవక్త (స) స్వహస్తాలతో నాటారు. సీరీన్ అనే దాసుడు ఒప్పందం అడిగితే హజ్రత్ అనస్ (రజి) వెనుకాడినప్పుడు, ఖలీఫా ఉమర్ (రజి) కొరడా ఎత్తి మరీ రాయించారు. ఆ సీరీన్ కుమారుడే ప్రసిద్ధ పండితుడు ముహమ్మద్ బిన్ సీరీన్.

అప్పుల విషయంలో బఖరా సూరా 282వ ఆయతు మరింత ఆలోచింపదగినది. అప్పును రాసుకోమని చెబుతూ, ఆ పత్రాన్ని చెప్పి రాయించే హక్కును అప్పు తీసుకున్నవానికి ఇచ్చింది. అతడు అశక్తుడైతే అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలి. భగేలా పత్రంలో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. చెప్పేవాడు అప్పిచ్చిన దొర, రాసేవాడు దొర మాట జవదాటని పట్వారీ, చదువురాని బాకీదారు బొటనవేలు అద్దేవాడు. అక్కడ పత్రం మనిషిని బయటికి తెచ్చే ద్వారం. ఇక్కడ అదే పత్రం తాళం.

అయితే ఈ పోలికతో ముస్లింలు ఆత్మసంతృప్తి చెందడానికి వీలు లేదు. ముస్లిం పాలకుల దర్బారులలో, ఇళ్ళలో శతాబ్దాల పాటు బానిసలున్నారు. భగేలా వేళ్ళూనినది ముస్లిం పాలకుని రాజ్యంలోనే. జాగీర్దారులలో ముస్లింలు ఎందరో ఉన్నారు. వెట్టిని నిషేధించే ఉత్తర్వులు వెలువడినా గడీ గడప దాటలేదు. 1936లో భగేలా ఒప్పందాలను అదుపు చేసే శాసనం కూడా వచ్చింది. కాని పల్లెలో కాగితం పాతవారి చేతిలోనే ఉండిపోయింది.

దొర వంశాన్నీ, దానిని ఎదిరించిన మనిషినీ ఒకే చోట పేర్లతో సహా చూడగల ఉదంతం జనగామ ప్రాంతంలో ఉంది. ఆ ఊరి పేరు కామారెడ్డిగూడెం. పేరు పోలికే తప్ప కామారెడ్డి పట్టణంతో దానికి సంబంధం లేదు. ఆనాడు అది నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో, విసునూరు దేశ్‌ముఖు రామచంద్రారెడ్డి పెత్తనం కింద ఉండేది. పుచ్చలపల్లి సుందరయ్య తన గ్రంథంలో ఆ దేశ్‌ముఖు భూమిని 40,000 ఎకరాలుగా పేర్కొన్నారు. అక్కడి పేద రైతు షేక్ బందగీ. అతని సోదరుడు అబ్బాస్ అలీ దేశ్‌ముఖు పక్షాన నిలిచి భూమికై తగాదా పెట్టాడు. బందగీ లొంగలేదు. కోర్టులో ఏళ్ళ తరబడి పోరాడి గెలిచాడు. 1940ల తొలినాళ్ళలో దేశ్‌ముఖు మనుషులు దారి కాచి అతన్ని చంపారు. అదే దేశ్‌ముఖు మనుషుల కాల్పులలో 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు.

ఈ ఉదంతంలో మతం గీసిన గీత ఏదీ లేదు. చంపించినది హిందూ దొర, ఆ దొర పక్షాన ఉన్నది హతుని సొంత తోబుట్టువు, న్యాయం దక్కకుండా చూస్తూ ఉన్నది ముస్లిం ప్రభుత్వపు యంత్రాంగం. సాధారణ రైతులు అతని సమాధిని మరవలేదు. సూర్యాపేట, జనగామల దారి పక్కన అక్కడ ఏటా జనం గుమిగూడే ఆచారం ఏర్పడింది. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ నాటకానికి అతని కథ ప్రేరణ అయింది.

తరువాత చట్టాలు వచ్చాయి. 1949లో జాగీర్లు రద్దయినాయి. 1950లో కౌలుదారీ చట్టం, 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, 1984లో పటేల్ పట్వారీల తొలగింపు జరిగాయి. అయితే రద్దయిన వ్యవస్థ మనిషికి అతని పేరును తిరిగి ఇవ్వదు. కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెలలో భగేలా ఉన్నవారి మనుమలు, మునిమనుమలు నేడున్నారు. వారి ఇళ్ళలో మిగిలిన మాటలను వ్రాతలోకి తేవడం చరిత్రకారుని బాధ్యత. జకాత్ వినియోగానికి తౌబా సూరా 60వ ఆయతు చెప్పిన ఎనిమిది పద్దులలో మెడ కాడి విడిపించడం ఒకటి, బాకీదారుని ఆదుకోవడం ఒకటి. భగేలా కూలీ ఏకకాలంలో ఆ రెండూ. అతని పొరుగున ఉన్న సంపన్న ముస్లిం ఆ రెండు పద్దులను ఎంతవరకు గుర్తుంచుకున్నాడన్న ప్రశ్నను కూడా ఆ చరిత్రలో రాయాలి.

బందగీ అనే మాటకు అర్థం దాస్యం, ఆరాధన. ఆ పేరు పెట్టుకున్న రైతు దానిని దేవునికి తప్ప దేశ్‌ముఖుకు ఇవ్వలేదు.